తన కోపమె తన శత్రువు అయితే, ధర్మాగ్రహం మాటేమిటి?

గోదారిగట్టు (ప్రశ్న):

"తన కోపమె తన శత్రువు, తన శాంతమె తనకు రక్ష". సుమతీ శతకంలోని ఈ కందం రాని తెలుగువాళ్ళు అరుదు. పద్యం తప్పని నేను అనడం లేదు. కానీ దీన్ని ఎవరు ఎవరికి చెబుతున్నారో గమనిస్తే మనసు ఒప్పుకోదు. కూలి ఎగ్గొట్టినవాడు కూలివాడికి చెబుతాడు. వాటా అడిగిన ఆడపిల్లకు అన్నదమ్ములు చెబుతారు. అవమానం చేసిన పెద్దమనిషి, అవమానపడిన కుర్రవాడికి చెబుతాడు. శాంతం పాటించే వంతు ఎప్పుడూ కిందివాళ్ళదే. "పేదవాని కోపం పెదవికి చేటు" అన్న సామెత కూడా ఉన్న పరిస్థితిని చెప్పిందే తప్ప అది న్యాయమని చెప్పలేదు.

అన్యాయం కళ్ళముందు జరుగుతుంటే కోపం రాకపోవడం గుణమా, చేతకానితనమా? కోపానికి చోటుందని ఎవరైనా ఒప్పుకుంటే, ఎవరి మీద, ఎంత, ఎంతసేపు అన్న కొలత పెద్దలెవరైనా ఇచ్చారా? కోపం వచ్చిన ఆ కాసేపట్లో చేయవలసిన పని ఏమిటి? "ఓపిక పట్టండి" అన్న సలహా అందరూ ఇస్తారు. ఎలా పట్టాలో తెలిసినవాళ్ళు కాస్త విడమర్చి చెప్పండి.

వనవాసి:

మీ ప్రశ్న మహాభారతంలో ద్రౌపది అడిగినదే. వనపర్వంలో, అడవికి వచ్చిన కొత్తల్లో, ధర్మరాజును నిలదీస్తుంది. నేల మీద పడుకున్న భీముణ్ణి చూసి, నారచీరల్లో ఉన్న అర్జునుణ్ణి చూసి, నకుల సహదేవులను చూసి, నన్ను చూసి కూడా నీకు కోపం ఎందుకు పెరగదు అని. అక్కడ ఆమె వాడిన మాట "మన్యువు". రుగ్వేదం పదో మండలంలో 83, 84 సూక్తాలు ఆ మన్యువును దేవతగా పిలిచి స్తుతించేవే. మన దగ్గర ఆంజనేయస్వామికి మన్యుసూక్తంతో అభిషేకం చేసేది కూడా ఆ మంత్రాలతోనే. కోపం అనేదాన్ని మొత్తంగా శత్రువని తోసేసిన సంప్రదాయం కాదు మనది.

ద్రౌపది తన వాదానికి ప్రహ్లాదుడు మనవడు బలికి చెప్పిన మాటలు తెస్తుంది. ఓర్పు మంచిదా, తేజస్సు మంచిదా అని బలి అడిగితే ప్రహ్లాదుడి జవాబు: "న శ్రేయః సతతం తేజో న నిత్యం శ్రేయసీ క్షమా". ఎప్పుడూ తేజస్సే చూపడం మేలు కాదు, ఎప్పుడూ ఓర్చుకోవడమూ మేలు కాదు. ఆ తరువాత ఆయన ఇచ్చిన వివరం చూడండి, ఎంత నేల మీద నిలబడి మాట్లాడాడో. ఎప్పుడూ ఓర్చుకునేవాడి బండ్లు, బట్టలు, నగలు, మంచాలు, తిండి అన్నీ సేవకులే వాడేసుకుంటారు. ఫలానావాళ్ళకు ఫలానాది ఇవ్వమంటే ఇవ్వరు. పైగా ఎదురు మాట్లాడతారు. ఎప్పుడూ కోపంతో ఉండేవాడిది ఇంకో దురవస్థ. తగినవాణ్ణీ తగనివాణ్ణీ ఒకే రకంగా దండిస్తాడు, మిత్రులు దూరమవుతారు, ఇంట్లో దూరిన పామును చూసి భయపడ్డట్టు అతన్ని చూసి జనం భయపడతారు.

మీరు అడిగిన కొలత కూడా అక్కడే ఉంది. ఇదివరలో మనకు మేలు చేసినవాడు పెద్ద తప్పే చేసినా ఆ మేలును తలచుకుని ఓర్చుకోవాలి. తెలియక చేసినవాణ్ణి ఓర్చుకోవాలి, కాకపోతే నిజంగా తెలియకే చేశాడా అని బాగా విచారించాక. మొదటి తప్పు ఎవరిదైనా సరే ఓర్చుకోవచ్చు. రెండోసారి చేస్తే, అది చిన్నదైనా, శిక్షకు అర్హుడే. తెలిసి చేసి "తెలియక చేశాను" అని బుకాయించేవాణ్ణి మాత్రం కొంచెం తప్పుకు కూడా వదలకూడదు. వీటన్నిటితో పాటు చోటు, సమయం, తన బలం, అవతలివాడి బలం చూసుకోవాలి.

ఇక్కడ జనం తప్పేది ఎక్కడంటే, "మొదటిసారి కదా" అని ఊరుకుంటారు కానీ ఊరుకున్నామని అవతలివాడికి తెలియనివ్వరు. అప్పుడు అతని దృష్టిలో అది తప్పే కాదు. రెండోసారి మనం మండిపడితే, "నిన్నటిదాకా లేనిది ఇవాళేమొచ్చింది" అని అతను నిజంగానే ఆశ్చర్యపోతాడు. మొదటి తప్పును ఓర్చుకోవడం అంటే దాన్ని పేరు పెట్టి చెప్పి, ఆపైన వదిలేయడం. "మొన్న నలుగురిలో ఆ మాట అన్నారు, నాకు బాధ కలిగింది, ఈసారికి పోనివ్వండి" అని రెండు ముక్కలు. లెక్క మొదలయ్యేది ఆ రెండు ముక్కల దగ్గర.

రచ్చబండ:

వనవాసి గారు మన వైపు నుంచి చెప్పారు కాబట్టి నేను గ్రీకుల వైపు నుంచి. ఎంత, ఎంతసేపు అన్న ప్రశ్నను ఒక్కొక్క అంశంగా విడదీసినవాడు అరిస్టాటిల్ (క్రీ.పూ. 384–322). ఆయన నీతిశాస్త్రం నాలుగో అధ్యాయంలో కోపానికి సంబంధించిన గుణం గురించి మాట్లాడుతూ, తగిన విషయానికి, తగినవాళ్ళ మీద, తగిన తీరులో, తగిన వేళకు, తగినంతసేపు కోపగించేవాణ్ణి మెచ్చుకోవాలంటాడు. కోపగించవలసిన చోట కోపం రానివాణ్ణి మూర్ఖుడనుకుంటారనీ, తనవాళ్ళను అవమానిస్తుంటే సహించడం బానిసతనమనీ కూడా అంటాడు. మీ మొదటి ప్రశ్నకు ఆయన జవాబు అదే.

నాకు అన్నిటికన్నా పనికొచ్చేదిగా అనిపించేది హద్దు మీరిన కోపాన్ని ఆయన నాలుగు రకాలు చేయడం. మొదటివాళ్ళు ముక్కు మీద కోపం ఉన్నవాళ్ళు. తగనివాళ్ళ మీద, తగినదానికన్నా ఎక్కువగా లేస్తారు, కానీ వెంటనే చల్లారతారు. వీళ్ళలో మంచిది అదేనంటాడు, లోపల దాచుకోరు కాబట్టి. రెండోవాళ్ళు ప్రతిదానికీ ప్రతివాళ్ళ మీదా చిర్రుబుర్రులాడేవాళ్ళు. మూడోవాళ్ళు లోపల పెట్టుకునేవాళ్ళు. వీళ్ళ కోపం పైకి కనబడదు, అందుకే ఎవరూ నచ్చజెప్పడానికి రారు. లోపలే అరిగించుకోవాలి, దానికి చాలా కాలం పడుతుంది. వీళ్ళు తమకూ తమ దగ్గరివాళ్ళకూ భారం. నాలుగోవాళ్ళు శిక్ష పడేదాకా, పగ తీరేదాకా వదలనివాళ్ళు.

ఎవరికి వారు తాము ఏ రకమో చూసుకోకుండా మందు వేసుకుంటే వికటిస్తుంది. "కోపం వస్తే మాట్లాడకుండా ఉండండి" అన్న సలహా మొదటి రకానికి అమృతం. మూడో రకానికి విషం. వాళ్ళు మాట్లాడకుండా ఉండటం వల్లనే కదా ఇంతదాకా వచ్చింది! కానీ మన ఇళ్ళలో ఈ మూడో రకాన్నే "పాపం, నోట్లో నాలుక లేదు, శాంతమూర్తి" అని మెచ్చుకుంటాం. పదేళ్ళ తరువాత ఒకరోజు పెళ్ళిలోనో పెద్దకర్మ దగ్గరో అంతా బయటపడితే ఆశ్చర్యపోతాం.

ఎంతసేపు అన్నదానికి సంస్కృతంలో ఒక సుభాషితం ఉంది: "ఉత్తమే క్షణకోపః స్యాత్, మధ్యమే ఘటికాద్వయమ్, అధమే స్యాదహోరాత్రం, పాపిష్ఠే మరణాంతకమ్". ఉత్తముడిది క్షణం, మధ్యముడిది రెండు ఘడియలు, అధముడిది ఒక పగలూ రాత్రీ, పాపిది చచ్చేదాకా. ఘడియ అంటే 24 నిమిషాలు కాబట్టి మధ్యముడికి 48 నిమిషాలు. ఉత్తములం కాలేకపోయినా 48 నిమిషాల హద్దు పెట్టుకోవడం మనబోటివాళ్ళకు సాధ్యమే.

నిశ్చలం:

పైన ఇద్దరితోనూ నాకు పేచీ ఉంది. తగినంత కోపం అన్నది చెప్పడానికి బాగుంటుంది. కానీ ఆ "తగినంత"ను కొలిచేది ఎవరు? అప్పటికే కోపంలో ఉన్న మనిషే. తాగినవాడిని "తగినంత తాగావా" అని అడిగినట్టు ఉంటుంది. కోపాన్ని తగ్గించుకోవడం కాదు, పూర్తిగా పెరికేయాలి అన్న పక్షం నాది. రోమ్‌లో ఆ పక్షాన గట్టిగా నిలబడినవాడు సెనెకా. నీరో చక్రవర్తికి గురువు, ఆ నీరో ఆజ్ఞ మీదే క్రీ.శ. 65లో ప్రాణం తీసుకున్నాడు. కోపం మీద మూడు భాగాల గ్రంథం రాశాడు.

ఆయన కోపాన్ని మూడు కదలికలుగా చూస్తాడు. మొదటిది మన చేతిలో లేదు. మొహం మీద చన్నీళ్ళు చల్లితే ఒళ్ళు జలదరించినట్టు, మాట తగలగానే గుండె దడదడలాడటం, చెవులు వేడెక్కడం. దానికి మనం బాధ్యులం కాము. రెండోది, మనసు ఒక తీర్పు ఇవ్వడం: "నాకు అన్యాయం చేశాడు, బదులు తీర్చుకోవాలి". దీనికి మన ఒప్పుదల ఉంది. మూడోది, తర్కం గట్టు దాటిపోయి, తప్పో ఒప్పో బదులు తీర్చుకోవలసిందే అనడం. అక్కడికి వెళ్ళినవాణ్ణి ఎవరూ వెనక్కి తేలేరు. కాబట్టి పని చేయవలసిన చోటు ఒకటో దానికీ రెండో దానికీ మధ్యన ఉన్న సందు.

గీత రెండో అధ్యాయంలో 62, 63 శ్లోకాల మెట్లు ఇంకా సన్నగా ఉంటాయి. విషయాన్ని తలపోయడం, దాని మీద తగులం, కోరిక, క్రోధం, సమ్మోహం, స్మృతి తప్పడం, బుద్ధి నశించడం, మనిషి నశించడం. ఎనిమిది మెట్లు. క్రోధం నాలుగోది. అంటే కోపం వచ్చేసరికే సగం దిగిపోయాం. ఆరో మెట్టు, "స్మృతివిభ్రమం", దగ్గర ఒక్క నిమిషం ఆగండి. కోపంలో మనిషి మర్చిపోయేది ఏమిటి? ఎదుటివాడు ఇన్నేళ్ళలో చేసిన మేలు. ప్రహ్లాదుడు మొదట చూడమన్నదే అది. కోపంలో మొట్టమొదట చెరిగిపోయేదీ అదే. "నువ్వు ఎప్పుడూ ఇంతే", "ఏనాడైనా నాకు..." అని నోటివెంట వచ్చిందంటే ఆరో మెట్టు మీద ఉన్నామని గుర్తు. "ఎప్పుడూ", "ఏనాడూ" అన్న మాటలు నిజం కావడం చాలా అరుదు. అవి నోట్లోకి రాగానే మాట ఆపేయాలి, ఎందుకంటే ఆ క్షణాన మన జ్ఞాపకం మనకు అబద్ధం చెబుతోంది.

అయిదో అధ్యాయం 23వ శ్లోకంలో కామక్రోధాల నుంచి పుట్టే "వేగం" అన్న మాట వాడారు. దాన్ని ఈ శరీరం ఉండగానే తట్టుకోగలిగినవాడు సుఖి అని. వేగం అంటే వచ్చి పోయేది, వరదలాగా. వరదలో ఆనకట్ట కట్టరు, గట్టు మీద నిలబడతారు. సెనెకా కూడా కోపానికి అన్నిటికన్నా పెద్ద మందు ఆలస్యం అన్నాడు. సోక్రటీసు తన బానిసతో "నాకు కోపం రాకపోయి ఉంటే నిన్ను కొట్టేవాణ్ణి" అన్నాడని చెబుతాడు. శిక్ష వద్దని కాదు, కోపం చేతికి కర్ర ఇవ్వకూడదని.

గోదారిగట్టు:

ముగ్గురికీ నమస్కారం. రెండు చోట్ల ఇంకా స్పష్టత కావాలి. ఆలస్యం మందు అన్నారు. కానీ కొందరి విషయంలో ఆలస్యం చేసినకొద్దీ కోపం పెరుగుతుంది, రాత్రంతా నిద్ర పట్టదు. లోపల పెట్టుకుంటే విషం అని రచ్చబండ గారు అన్నారు కాబట్టి, మరి కక్కేస్తేనే మంచిది కదా? దిండును బాదడం, గదిలో తలుపేసుకుని అరవడం లాంటివి చేయమంటారు కొందరు. రెండోది, ఈ రోజుల్లో గొడవలు ఎక్కువ భాగం ఎదురెదురుగా కాదు, ఫోనులో మెసేజీల్లో జరుగుతున్నాయి. అక్కడ ఈ పద్ధతి ఎలా పాటించాలి?

రచ్చబండ:

దిండును బాదే వైద్యం గురించి: దాన్ని పరీక్షించి చూశారు. 2002లో బ్రాడ్ బుష్‌మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 600 మంది విద్యార్థులకు ముందు కోపం తెప్పించి, కొందరిని ఆ కోపం తెప్పించినవాణ్ణి తలచుకుంటూ బాక్సింగ్ సంచిని గుద్దమన్నాడు, కొందరిని వ్యాయామం సంగతి తలచుకుంటూ గుద్దమన్నాడు, కొందరిని ఊరికే కూర్చోమన్నాడు. ఎక్కువ కోపం మిగిలింది మొదటివాళ్ళకే. ఊరికే కూర్చున్నవాళ్ళు వాళ్ళకన్నా నయం. నిశ్చలం గారు చెప్పిన మొదటి మెట్టే ఇది, "ధ్యాయతో విషయాన్". గుద్దులు పడుతున్నది సంచికే అయినా మనసు తలపోస్తున్నది మనిషిని.

మీరన్న నిద్రపట్టని రాత్రి కూడా అదే. ఆలస్యం చేయడం అంటే 48 నిమిషాలు పడుకుని పైకప్పు చూస్తూ "నేను ఇలా అంటే వాడు అలా అంటాడు, అప్పుడు నేను ఇలా అంటాను" అని సంభాషణ అల్లుకోవడం కాదు. అది ఆలస్యం కాదు, రిహార్సల్. ఆ సంభాషణలో అవతలివాడి మాటలన్నీ మనమే రాస్తాం, అన్నీ మనకు మండేలాగే రాస్తాం. ఆ కాసేపూ చేతికీ కంటికీ పని ఉండాలి. బియ్యంలో రాళ్ళు ఏరడం, చిక్కుడుకాయలు ఈనె తీయడం, బట్టలు మడతపెట్టడం లాంటివి. నడక అందరికీ పనికిరాదు, నడుస్తూ తలపోయడం మరీ సులువు.

అయితే కక్కేయడం వేరు, చెప్పడం వేరు. లోపల పెట్టుకునేవాళ్ళకు కావలసింది అరుపు కాదు, ఎవరితో పేచీయో ఆ మనిషితో మామూలు గొంతుతో ఆ సంగతి మాట్లాడటం. మూడో మనిషి దగ్గర చెప్పుకుంటే ఆ కాసేపు తేలికగా ఉంటుంది కానీ, ఆ మూడోవాళ్ళు మన పక్షం వహించి "అయ్యో, అంత మాట అన్నాడా!" అన్న ప్రతిసారీ మన తీర్పు గట్టిపడుతుంది.

ఇక మెసేజీలకు. జవాబు వాట్సాప్ పెట్టెలో రాయకండి. వేలు జారితే వెళ్ళిపోతుంది, పైగా మీరు టైపు చేస్తున్నట్టు అవతలివాళ్ళకు కనబడుతూనే ఉంటుంది. కాగితం తీసుకోండి. మూడు ముక్కలు రాయండి. ఒకటి, జరిగింది ఏమిటి: కంటితో చూసినది, చెవితో విన్నది మాత్రమే. రెండు, దానికి నేను పెట్టుకున్న అర్థం. మూడు, ఇప్పుడు నాకు కావలసింది ఏమిటి.

తప్పు జరిగేది దాదాపు ఎప్పుడూ మొదటి ముక్కలోనే. "గృహప్రవేశానికి కావాలనే నన్ను పిలవలేదు" అని రాస్తాం. అందులో "పిలవలేదు" ఒక్కటే మొదటి ముక్కకు చెందుతుంది. "కావాలనే" రెండో ముక్క. దాన్ని అక్కడికి మార్చి రాయండి. మంట మొత్తం ఆ ఒక్క మాటలోనే ఉందని అప్పుడు తెలుస్తుంది. అరిస్టాటిల్ వక్తృత్వ శాస్త్రంలో కోపానికి ఇచ్చిన నిర్వచనంలో కూడా ప్రాణం లాంటి మాట ఇదే: మనల్ని గాని మనవాళ్ళను గాని చులకన చేశారని తోచడం. నష్టం కాదు, చులకన. బస్సులో కాలు తొక్కినవాడు "చూసుకోలేదండీ" అనగానే నొప్పి అలాగే ఉన్నా కోపం పోతుంది. ప్రహ్లాదుడు "బాగా విచారించాక" అన్నది, సెనెకా రెండో కదలిక అన్నది, అన్నీ ఈ "కావాలనే" చుట్టూనే తిరుగుతాయి.

మూడో ముక్కలో ఇంకో పొరపాటు. "వాడికి బుద్ధి రావాలి" అని రాస్తాం. అది అవతలివాడు చేసి చూపగల పని కాదు. వచ్చిందో లేదో మనకెలా తెలుస్తుంది? "నలుగురిలో అన్న మాటను నలుగురిలోనే వెనక్కి తీసుకోవాలి", "శుక్రవారం లోపు నా డబ్బు నాకు ఇవ్వాలి". ఇలా చేయగలిగేది, చేశాక చూసి తెలుసుకోగలిగేది రాయాలి. పంపవలసిన మెసేజీ మొదటి ముక్క, మూడో ముక్క కలిపితే వస్తుంది. రెండో ముక్కను ప్రశ్నగా అడగండి: "మర్చిపోయారా, లేక వేరే ఏమైనా ఉందా?" ఆ ప్రశ్న నిజంగా అడగాలి, ఎత్తిపొడుపుగా కాదు.

నుడికారం:

ఇంతసేపూ అందరూ "కోపం" అని ఒకే మాట వాడుతున్నారు. తెలుగులో దీనికి ఎన్ని మాటలున్నాయో, అవి ఎంత కచ్చితంగా ఉన్నాయో చూస్తే సగం రోగనిర్ణయం అక్కడే అయిపోతుంది.

చిరాకు ఉంది. దానికి మనిషి అక్కర్లేదు. ఆకలి, ఉక్క, నిద్రలేమి చాలు. చిరాకుకు నీతిశాస్త్రం దండగ, మజ్జిగ కావాలి. విసుగు అంటే అదే పని, అదే మాట పదేపదే రావడం వల్ల పుట్టేది. దానికి మందు మార్పు. అలక అయినవాళ్ళ మీదే వస్తుంది, వచ్చి బుజ్జగిస్తారన్న నమ్మకం దాని లోపల ఉంటుంది. పెళ్ళిలో అలకపాన్పు ఒక వేడుక అయింది అందుకే. పరాయివాడి మీద ఎవరూ అలగరు. అలిగినవాళ్ళకు తర్కం చెప్పడం పొరపాటు, వాళ్ళు అడుగుతున్నది తీర్పు కాదు, పలకరింపు.

ఉక్రోషం చాలా ముఖ్యమైన మాట. వాదంలో జవాబు దొరకనప్పుడు, నలుగురూ నవ్వినప్పుడు, తప్పు మనదేనని లోపల తెలిసినప్పుడు వచ్చేది. కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి, గొంతు లేస్తుంది. ధర్మాగ్రహం అని మనం పేరు పెట్టుకునేదాంట్లో ఉక్రోషం ఎంత ఉందో చూసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. ఇదే అన్యాయం నాకు ముఖం తెలియని మనిషికి జరిగి ఉంటే ఇంత మండేదా? నేను వాదంలో గెలిచి ఉంటే ఇంకా మండేదా? రెండో ప్రశ్నకు జవాబు "లేదు" అయితే అది ఉక్రోషమే.

కసి, కక్ష, పగ వరసగా ముదిరిన దశలు. కసిలో ఇంకా వేడి ఉంది. కక్షలో వేడి తగ్గి పథకం మొదలైంది. పగ ఇంటిపేరులాగా వారసత్వంగా పోతుంది. వేడి తగ్గింది కదా అని శాంతం వచ్చిందనుకోవడం ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు. ఇక "అత్త మీద కోపం దుత్త మీద" అన్నది దారి తప్పిన కోపం. ఆఫీసులో పడిన మాటకు ఇంట్లో పిల్లవాడి వీపు పగలడం. దీన్ని పట్టుకోవడం తేలిక, తప్పుకూ కోపానికీ తూకం కుదరదు. గ్లాసెడు నీళ్ళు ఒలికినందుకు ఇల్లు అదిరిపోయేలా అరిచారంటే ఆ కోపం ఆ నీళ్ళది కాదు.

ఇంకో లెక్క కూడా చెబుతాను. పతంజలి యోగసూత్రాల్లో (2.34) హింసను కృతం, కారితం, అనుమోదితం అని మూడు చేశాడు: తాను చేసినది, చేయించినది, బాగుందని తలూపినది. ఒక్కొక్కటీ లోభం వల్ల, క్రోధం వల్ల, మోహం వల్ల. ఒక్కొక్కటీ మెత్తగా, మధ్యస్థంగా, తీవ్రంగా. మూడు మూళ్ళు తొమ్మిది, తొమ్మిది మూళ్ళు 27. వ్యాసభాష్యం ఆ లెక్క వేసింది. క్రోధం కింద వచ్చే తొమ్మిదిలో మనం నేరం చేస్తున్నామని ఎప్పుడూ అనుకోనిది అనుమోదితం. తిట్టినవాడి పోస్టు కింద చప్పట్ల బొమ్మ పెట్టడం ఆ లెక్కలోకే వస్తుంది.

వనవాసి:

నిశ్చలం గారికి ఒక మాట. మీరు చెప్పిన "కొలిచేది ఎవరు" అన్న అభ్యంతరానికి బలముంది. ద్రౌపదికి ధర్మరాజు ఇచ్చిన జవాబు కూడా మీ వైపే మొగ్గుతుంది. కోపాన్ని తేజస్సనుకోవడం అజ్ఞానం అంటాడు. దక్షత, అమర్షం, శౌర్యం, చురుకుదనం ఇవి తేజస్సు గుణాలు, కోపానికి లొంగినవాడికి ఇవి దొరకవు అంటాడు. ఇందులో అమర్షం ఉందని గమనించండి. అమర్షం అంటే అవమానాన్ని సహించకపోవడం. అంటే సహించకపోవడం తేజస్సులో భాగమే, ఒళ్ళు తెలియకపోవడం మాత్రమే క్రోధం.

నాట్యశాస్త్రం ఈ తేడాను ఇంకా స్పష్టంగా పట్టుకుంది. రౌద్రరసానికి స్థాయీభావం, అంటే ఆ రసానికి మూలంగా నిలిచి ఉండే భావం, క్రోధం. వీరరసానికి స్థాయీభావం క్రోధం కాదు, ఉత్సాహం. యుద్ధం రెండింట్లోనూ ఉండవచ్చు. కానీ అన్యాయం మీద పోరాడే మనిషిని ఏళ్ళ తరబడి నిలబెట్టేది ఉత్సాహమే. గోదారిగట్టు గారు మొదట అడిగిన కూలివాడి సంగతే తీసుకోండి. కోపం అతనికి ఒక వార్త తెచ్చింది: "నీకు రావలసింది రాలేదు" అని. ఆ వార్త నిజం, దాన్ని నొక్కేయకూడదు. కానీ వార్త తెచ్చినవాడి చేతికే ఇంటి పెత్తనం ఇవ్వకూడదు. ఆ తరువాతి పని ఏ రోజు ఎంత పని చేశాడో రాసుకోవడం, తోటివాళ్ళలో ఇంకెవరికి బాకీ ఉందో కనుక్కోవడం, నలుగురూ కలిసి వెళ్ళి అడగడం, అప్పటికీ ఇవ్వకపోతే కార్మిక శాఖ కార్యాలయంలో ఫిర్యాదు రాసివ్వడం. ఇవేవీ కోపంతో ఊగిపోతూ చేయగల పనులు కావు. అలాగని కోపమే రానివాడు మొదలుపెట్టే పనులూ కావు. కాలర్ పట్టుకుంటే ఆ కూలి సంగతి పక్కకుపోయి కాలర్ సంగతే పంచాయితీ అవుతుంది. తప్పు చేసినవాడికి కావలసింది కూడా అదే.

నిశ్చలం:

వార్త వరకే అయితే నాకు అభ్యంతరం లేదు. దాన్నే నేను మొదటి కదలిక అన్నాను. మీరు దాన్ని కోపం అంటున్నారు, నేను అనడం లేదు, అంతే తేడా. రోజూ చేసుకోవడానికి ఒక అలవాటు మాత్రం చెబుతాను. సెక్స్టియస్ అనే ఆయన పడుకునే ముందు తన మనసును మూడు ప్రశ్నలు అడిగేవాడని సెనెకా రాశాడు: ఇవాళ నీ జబ్బుల్లో దేన్ని నయం చేశావు? ఏ దుర్గుణానికి ఎదురు నిలిచావు? ఏ విషయంలో మెరుగయ్యావు? సెనెకా తానూ అలాగే చేసేవాడు, దీపం తీసేశాక, ఇంట్లో మాటలు సద్దుమణిగాక. ఇది చేసేవాళ్ళు తడబడేది ఎక్కడంటే, విచారణ కాస్తా ఉరిశిక్ష అయిపోతుంది. తనను తాను తిట్టుకోవడం కూడా కోపమే, మనిషి మారాడంతే. సెనెకా తనతో తాను అనుకునే మాట "మళ్ళీ అలా చేయకు, ఈసారికి క్షమించాను" అన్న తీరులో ఉంటుంది. వనవాసి గారి రెండు ముక్కలు గుర్తొస్తున్నాయి కదా.

బోధివృక్షం:

ఆలస్యంగా చూశాను. ఒక సవరణ, ఒక చేర్పు.

"కోపం పట్టుకోవడం మండే నిప్పును ఎదుటివాడి మీద విసరడానికి చేతిలో పట్టుకోవడం లాంటిది" అని బుద్ధుడి పేరుతో బొమ్మలు ఫోన్లలో తిరుగుతుంటాయి. ఆ పోలిక అయిదో శతాబ్దపు బౌద్ధ పండితుడు బుద్ధఘోషుడు పాళీలో రాసిన విశుద్ధిమగ్గం అనే గ్రంథంలోది. బుద్ధుడి పేరుతో వచ్చిన సుత్తాల్లో (ఉపదేశాల్లో) ఉన్న పోలిక వేరు: రాతి మీద గీతలాంటి మనిషి, నేల మీద గీతలాంటి మనిషి, నీటి మీద గీతలాంటి మనిషి. కోపం రావడంలో కాదు, నిలవడంలో తేడా.

బుద్ధఘోషుడి దగ్గర పనికొచ్చే విషయం ఏమిటంటే ఆయన ఒకే మందు ఇచ్చి ఊరుకోడు. మైత్రీభావన చెప్పేచోట, పగవాడి మీద మనసు మెత్తబడకపోతే ఇది చేయి, దానికీ లొంగకపోతే ఇది చేయి అని వరసగా ఇస్తూ పోతాడు. ఆ మనిషిలో ఏదో ఒక మంచి, నడవడిలోనో మాటలోనో మనసులోనో, వెతికి దాన్నే తలచుకో. ఏదీ దొరక్కపోతే జాలిపడు. అదీ కుదరకపోతే విడదీసి చూడు: నీకు కోపం దేని మీద? అతని తలవెంట్రుకల మీదా? గోళ్ళ మీదా? అతనిలోని నేల మీదా, నీళ్ళ మీదా? ఇది చదవడానికి వింతగా ఉంటుంది కానీ చేసి చూస్తే కోపం నిలబడటానికి చోటు దొరకదు.

అన్నీ విఫలమైతే చివరి మందు, ఇచ్చిపుచ్చుకోవడం. నీ వస్తువు అతనికి ఇవ్వు, అతనిది నువ్వు తీసుకో. రెండోదాన్ని జనం మర్చిపోతారు. ఇవ్వడం ఒక్కటే అయితే అందులో పెద్దరికం దూరే ప్రమాదం ఉంది. పగవాడి దగ్గర గ్లాసెడు మంచినీళ్ళు అడిగి తాగడం, అతని నిచ్చెన ఒకరోజుకు అరువు తెచ్చుకోవడం, ఇచ్చినదానికన్నా కష్టం. దానికి ఆయన చూపిన ఉదాహరణ సింహళంలోని చిత్తలపర్వత విహారంలోది. అక్కడ ఒక పెద్ద భిక్షువు కారణంగా ఇంకో భిక్షువు మూడుసార్లు బస ఖాళీ చేయవలసి వచ్చింది. ఆ రెండో ఆయన తన భిక్షాపాత్ర తెచ్చి పెద్దాయనకు ఇస్తూ అన్న మాటలు ఇవి: అయ్యా, ఈ పాత్ర ఎనిమిది కహాపణాల (ఆనాటి నాణేల) విలువ చేస్తుంది, ఉపాసకురాలైన మా అమ్మ నాకు ఇచ్చింది, న్యాయంగా వచ్చినది, ఆమెకు పుణ్యం దక్కేలా చేయండి.